పాటల ఆల్బమ్ కొనాలా, డౌన్‌లోడ్ చేసుకోవాలా? ప్లేటు, సీడీ, ఫైలు, యాప్‌లలో ఏది ఎవరికి

పోయిన ఉగాదికి ఇల్లు దులుపుతుంటే అటక మీద నాన్నగారి క్యాసెట్ల పెట్టె దొరికింది. ఘంటసాల పద్యాలు, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, రెండు హరికథలు, రికార్డింగ్ సెంటర్లో చీటీ రాసిచ్చి నింపించుకున్న సినిమా పాటలు, అన్నీ కలిపి ముప్పై ఆరు. సగం క్యాసెట్లకు రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. వీణ క్యాసెట్ ఒకటి తిరిగింది కానీ టేపు సాగిపోయి, శ్రుతి ఒకచోట నిలవకుండా ఊగుతోంది. అదే వాయిద్యం కోసం మూడు యాప్‌లలో వెతికాను. ఆయన కచేరీలు వేరేవి ఉన్నాయి, ఇది లేదు. పక్కన కూర్చుని చూస్తున్న మా అబ్బాయి "అప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సరిపోయేది కదా నాన్నా" అన్నాడు. 2016లో నా హార్డ్ డిస్క్ పాడై, పన్నెండేళ్లుగా పోగేసిన పాటలు ఒక్క పూటలో పోయిన సంగతి వాడికి అప్పుడు చెప్పాను.

క్యాసెట్టూ పాడవుతుంది, ఫైలూ పోతుంది. మరి డబ్బు దేని మీద పెట్టాలి? నా మట్టుకు నేను ఒక లెక్కకు వచ్చాను. ఇరవై ఏళ్ల తర్వాత కూడా వినాలనిపించే పాట, ఎవరి అనుమతీ అక్కర్లేని రూపంలో మన దగ్గర ఉండాలి. మిగతావాటికి యాప్ చాలు. ఆ రూపం ఏదన్నది మాత్రం మనిషిని బట్టి, సంగీతాన్ని బట్టి మారుతుంది.

## డౌన్‌లోడ్ అంటే మూడు వేర్వేరు పనులు

పోల్చే ముందు ఈ ఒక్క మాట తేల్చుకోవాలి. మనం డౌన్‌లోడ్ అనే మాటను మూడు పనులకు వాడుతున్నాం.

మొదటిది, డబ్బిచ్చి ఫైలు కొనుక్కోవడం. ఆపిల్ వాళ్ల ఐట్యూన్స్ స్టోర్ భారత్‌లోకి 2012 డిసెంబరులో వచ్చింది. అక్కడ కొన్న పాట 256 కేబీపీఎస్ (సెకనుకు ఎన్ని కిలోబిట్ల డేటా అనే లెక్క) నాణ్యతతో, కాపీ చేసుకోకుండా తాళం వేయని ఫైలుగా వస్తుంది. బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో అయితే కళాకారులే తమ ఆల్బమ్‌లు పెట్టి అమ్ముకుంటారు. ఇలా కొన్న ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసుకున్నా, కొత్త ఫోన్‌కు మార్చుకున్నా అడిగేవాళ్లు ఉండరు.

రెండోది, నెలవారీ చందా యాప్‌లో కింది బాణం నొక్కి ఆఫ్‌లైన్‌లో పెట్టుకోవడం. చాలామంది దీన్నే డౌన్‌లోడ్ అనుకుంటారు. నిజానికి ఇది అద్దె. ఆ ఫైలు యాప్ లోపల తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. స్పాటిఫైలో అయితే 30 రోజులకు ఒకసారైనా నెట్‌కు కలపాలి. చందా ఆపితే ఆఫ్‌లైన్ పాటలు పోతాయి. యాప్ కంపెనీకి ఆ పాట హక్కులు పోతే, చందా కడుతున్నా సరే, ఆ పాట బూడిద రంగులోకి మారిపోతుంది.

మూడోది, అనుమతి లేని ఉచిత సైట్ల నుంచి దింపుకోవడం. అది దొంగ సరుకు, పాట చేసినవాళ్లకు పైసా వెళ్లదు. పైగా సరుకు కూడా మంచిది కాదు. పాట పేరు ఉండాల్సిన చోట సైటు ప్రకటన, సంగీత దర్శకుడి పేరు దగ్గర ఇంకో సైటు పేరు ఉంటాయి. 320 అని రాసి ఉన్న ఫైలు చాలాసార్లు 128ని మళ్లీ ఉబ్బించినదే. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ధ్వని తెగిపోయి ఉంటే అనుమానించాల్సిందే. ఈ మూడోదాన్ని ఇక పోలికలోకి తీసుకోను.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

అందరూ ముందు శబ్ద నాణ్యత గురించి అడుగుతారు. నేను దాన్ని మూడో స్థానంలో పెడతాను. మొదటి ప్రశ్న, మీరు వినే సంగీతం ఆ రూపంలో అసలు దొరుకుతుందా? కొత్త తెలుగు సినిమా పాటలు చాలావరకు సీడీగా రావడమే లేదు, అవి కావాలంటే నెట్‌కే వెళ్లాలి. దీనికి తిరగబడ్డ కథ పాత నాటక పద్యాలది, బుర్రకథలది, చిన్న కంపెనీలు వేసిన భక్తి పాటలది. వాటిలో చాలా ఇంకా గ్రామఫోన్ ప్లేట్లలో, క్యాసెట్లలో తప్ప దొరకవు.

రెండో ప్రశ్న, అది ఎంతకాలం మీది? కంపెనీ మూతపడినా, ఫోన్ మారినా, దేశం మారినా ఉంటుందా? గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో ఆగిపోయింది. ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది. వాటిలో ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చుకున్న ప్లేలిస్టుల్ని జనం హడావుడిగా వేరే చోటికి మార్చుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతే నాణ్యత, ఖర్చు. ఖర్చు లెక్కలో ప్లేయరు, స్పీకర్లు, అర, శుభ్రం చేసే సామాను కూడా కలపాలి. ఇంకొక్కటి మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది ఉంది, అది వివరాలు. పాట రాసిందెవరు, మృదంగం వాయించిందెవరు, ఎప్పుడు రికార్డయింది. యాప్‌లలో గీత రచయిత పేరు చాలాచోట్ల కనిపించదు. కచేరీలో పక్కవాద్యం పేర్లయితే చెప్పక్కర్లేదు. సీడీ లోపలి చిన్న పుస్తకంలోనో, ప్లేటు అట్ట వెనకో ఇవన్నీ ఉంటాయి.

## ప్లేటు (ఎల్‌పీ)

ప్లేటు వినడం అంటే కూర్చుని వినడమే. అట్టలోంచి తీసి, అంచులు పట్టుకుని పెట్టి, బ్రష్‌తో దుమ్ము తుడిచి, ముల్లు మెల్లగా దించాలి. మొదటి రెండు క్షణాలు సన్నగా చిటపట, ఆ తర్వాత తంబురా. ఇరవై ఇరవై ఐదు నిమిషాలకు లేచి తిప్పాలి. మధ్యలో ఫోన్ చూడాలనిపించదు. నాకు ఇంట్లో అంత శ్రద్ధగా వినడం ప్లేటుతోనే కుదురుతుంది. ఆ సుఖం నిజమైనదే, దానికోసం కొంటే తప్పు లేదు.

కానీ నాణ్యత కోసమే కొంటున్నామని అనుకుంటే కొన్ని సంగతులు తెలియాలి. ప్లేటు లోపలికి పోయేకొద్దీ గాడి చుట్టుకొలత తగ్గుతుంది, అందుకని ప్రతి వైపూ చివరి పాటలో స్పష్టత కాస్త తగ్గుతుంది. ముల్లు 500 నుంచి 1,000 గంటల్లో అరిగిపోతుంది, అరిగిన ముల్లు ప్లేటునే గీకేస్తుంది. సూట్‌కేస్ లాంటి చవక ప్లేయర్లలో ముల్లు బరువు ఐదు గ్రాముల దాకా ఉంటుంది, మంచి ప్లేయర్లో రెండు గ్రాములు. ఇప్పుడు వస్తున్న పాత పాటల కొత్త ప్లేట్లు కొన్ని డిజిటల్ మాస్టర్ (కంపెనీ దగ్గరుండే మూల ప్రతి) నుంచే కోసినవి. అలాంటప్పుడు సీడీలో లేని కొత్త సంగతి వాటిలో ఉంటుందని ఆశించకూడదు.

తాతగారి ఇంట్లో దొరికే నల్లటి బరువైన ప్లేట్లు వేరే జాతి. అవి నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి, ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ. ద్వారం వెంకటస్వామినాయుడు గారి కాలపు విద్వాంసులు అంత పెద్ద కృతినీ ఆ మూడు నిమిషాల్లో ఇమిడ్చారు. వాటికి వెడల్పాటి ముల్లు వేరే ఉంటుంది. ఎల్‌పీ ముల్లుతో వేస్తే అది గాడి అడుగున పాకి గరగర మాత్రమే వినిపిస్తుంది. చేతిలోంచి జారితే అప్పడంలా విరుగుతాయి.

పాత ఎల్‌పీ కొనేటప్పుడు దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. గోటికి తగిలే గీత ఉంటే వద్దు. కంటి ఎత్తులో అడ్డంగా పట్టి, వంకర ఉందేమో చూడండి. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేవాళ్లను వీడియో అడగండి. నేను అడగకుండా తెప్పించుకున్న ఒక ప్లేటు ఎండకు వంగిపోయి వచ్చింది, ముల్లు ఒక అల మీద ఎక్కి దిగుతున్నట్టు ఊగింది. ఇంటికి తెచ్చాక నిలువుగా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగుతాయి.

ఖర్చు మాత్రం బాగానే అవుతుంది. కొత్త ప్లేటు ఒక్కటే వేలల్లో ఉంటుంది, పనికొచ్చే ప్లేయరూ స్పీకర్లూ దాని మీద అదనం.

## సీడీ

డబ్బుకు తగిన విలువ అడిగితే నేను ఇప్పటికీ సీడీనే చూపిస్తాను. 1982లో వచ్చింది. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి రెండు ఛానెళ్లు, అంటే 1,411 కేబీపీఎస్. ఐదు నిమిషాల పాట సీడీలో సుమారు 53 ఎంబీ. అదే 320 ఎంపీ3లో 12 ఎంబీ, 128లో ఐదు ఎంబీ కూడా ఉండదు. ఈ అంకెలు చూసి 320కీ సీడీకీ నాలుగింతల తేడా వినిపిస్తుందని అనుకోకండి. మామూలు ఇయర్‌ఫోన్‌లో ఆ రెంటినీ గుర్తుపట్టడం చాలా కష్టం. 128 మాత్రం తాళాల మోతలో, వయొలిన్ పై స్థాయిలో తెలిసిపోతుంది.

సీడీ అసలు బలం వేరే ఉంది. అది ఒకేసారి వస్తువూ, నష్టం లేని డిజిటల్ ప్రతీ. ఒక్కసారి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే ఫైలు మీ దగ్గర, అసలు అరలో. ఫైలు పోతే మళ్లీ తీసుకోవచ్చు. హార్డ్ డిస్క్ పోయినప్పుడు నాకు తిరిగి దక్కినవి సీడీగా కొన్న నలభై ఆల్బమ్‌లే.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. అట్ట మీద "ఆడియో సీడీ" అని ఉందా, "ఎంపీ3 సీడీ" అని ఉందా చూడండి. ఎంపీ3 సీడీలో యాభై, వంద పాటలు ఉంటాయి. కంపెనీ వేసిన అసలు సరుకే కావచ్చు, కానీ లోపల ఉన్నది కుదించిన ఫైలే. రెండోది, వెనక్కి తిప్పి రంగు చూడండి. ఫ్యాక్టరీలో అచ్చు వేసినది వెండిలా మెరుస్తుంది. ఆకుపచ్చగానో, ఊదాగానో ఉంటే ఎవరో ఇంట్లో కంప్యూటర్‌తో రాసుకున్నది (బర్న్ చేసినది), ఆ రంగు ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోయి సీడీ ఆగిపోవచ్చు.

ఇబ్బంది దొరకడంలోనే. ముంబైలో పేరున్న రిథమ్ హౌస్ లాంటి దుకాణమే 2016లో మూతపడింది. మన ఊళ్లలో క్యాసెట్ల షాపులు సెల్ ఫోన్ షాపులయ్యాయి. ఇప్పుడు పాత పుస్తకాల అంగళ్లు, ఆన్‌లైన్, కచేరీ హాలు బయట పెట్టే బల్ల, గుడి దగ్గర దుకాణాలు, ఇవే దిక్కు. ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ లేదు కాబట్టి యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి విడిగా కొనాలి.

## క్యాసెట్

కొత్తగా కొనమని చెప్పను. ఇంట్లో ఉన్నవాటిని మాత్రం పారేయొద్దు, ముందు డిజిటల్‌లోకి మార్చుకోండి. ఒక్క హెచ్చరిక: ప్లేయరు వేగం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఆరు శాతం తేడా వస్తే శ్రుతి ఒక స్వరస్థానం జరిగిపోతుంది, మధ్యమం ఉండాల్సిన చోట ప్రతిమధ్యమం ఎత్తు వినిపిస్తుంది. నెట్‌లో ఉన్న పాత పాటల్లోనూ ఈ దోషం ఉంది. చిన్నప్పటి నుంచి విన్నవాళ్లకు "గొంతు ఏదో సన్నబడింది" అనిపించేది చాలాసార్లు అందుకే.

## డబ్బిచ్చి కొన్న ఫైలు

ఒక్క పాటే నచ్చినప్పుడు ఒక్క పాటే కొనుక్కునే వీలు ఇక్కడ ఉంది. ఎఫ్ఎల్ఏసీ (ఫ్లాక్) రూపంలో అమ్మితే అది సీడీకి సమానం, సైజు మాత్రం దాదాపు సగం. 128 జీబీ కార్డులో 320 ఎంపీ3లు పదివేల పాటల దాకా పడతాయి, ఫ్లాక్‌లో నాలుగు వేలు.

స్వతంత్రంగా పాడుకునే కళాకారులకు ఇదే అన్నిటికన్నా మేలు చేస్తుంది. బ్యాండ్‌క్యాంప్ మామూలుగా డిజిటల్ అమ్మకంలో 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు ఖర్చులు పోగా మిగిలింది వాళ్లకు వెళ్తుంది. 2020 మార్చిలో మొదలుపెట్టిన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది. ఇష్టమైన గాయని ఆల్బమ్‌ను ఆ రోజు చూసి కొనండి. మన సినిమా పాటలను మాత్రం అక్కడ ఆశించకండి.

ఫైలుకు ఉన్న ఒకే ఒక పెద్ద లోపం, కాపలా మనదే. రెండు చోట్ల ప్రతులు, మూడోది ఇంటి బయట. అంత ఓపిక లేకపోతే ఫైలు మీద డబ్బు పెట్టి లాభం లేదు.

## చందా యాప్

నెలకు వంద నుంచి రెండు వందల రూపాయలకు కోట్ల పాటలు. కొత్తవి వెతుక్కోవడానికి, పిల్లలు అడిగినది వెంటనే పెట్టడానికి దీన్ని మించింది లేదు. నేనూ కడుతున్నాను. కచేరీలు వినేవాళ్లు మాత్రం సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ ఆపేసుకోండి. ఆలాపన, కృతి, తని (లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం) వేర్వేరు ట్రాక్‌లుగా ఉంటే యాప్ ఒకదాని చివర మీద ఇంకోదాన్ని కలిపేస్తుంది. తని ముగింపులో చప్పట్ల ముందు వచ్చే ఆ చివరి ముక్తాయింపు నలిగిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఎల్‌పీ | ఆడియో సీడీ | కొన్న ఫైలు | చందా యాప్ |
|---|---|---|---|---|
| ఎవరిది | మీదే | మీదే | మీదే | కంపెనీది |
| నాణ్యత | ప్లేటు, ముల్లు స్థితిని బట్టి | పూర్తి | ఫ్లాక్ అయితే పూర్తి | మంచిదే, సెట్టింగ్‌ను బట్టి |
| మొదటి ఖర్చు | చాలా ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | దాదాపు లేదు |
| కొత్త సినిమా పాటలు | అరుదు | అరుదు | కొన్ని | దాదాపు అన్నీ |
| పాత, అరుదైన సంగీతం | పాత ప్లేట్లలో | కొంత | తక్కువ | కంపెనీ దయ |
| వివరాలు | అట్ట మీద | పుస్తకంలో | కొంత | చాలా తక్కువ |
| పాడయ్యే దారి | వంకర, గీతలు | గీతలు | డిస్క్ పోతే | చందా ఆగితే, హక్కులు పోతే |

## మీరు ఏ రకం శ్రోత

కారులో, బస్సులో, వంట చేస్తూ వినేవాళ్లకు, ముఖ్యంగా కొత్త సినిమా పాటలు వినేవాళ్లకు చందా యాప్ సరిపోతుంది. వస్తువు కొనాల్సిన పని లేదు. ఏడాదికి ఒకసారి, గుండెకు దగ్గరైన పది పాటలు ఎంచి వాటిని మాత్రం ఫైలుగా కొని దాచుకోండి.

శాస్త్రీయ సంగీతం వినేవాళ్లు, నేర్చుకునేవాళ్లు సీడీ వైపు వెళ్లండి. సాధన చేసేటప్పుడు ఒక సంగతినే ఇరవైసార్లు వెనక్కి తిప్పి వినాలి, వేగం తగ్గించి వినాలి. అది సొంత ఫైలుతో హాయిగా జరుగుతుంది. పక్కవాద్యం ఎవరో తెలియడం విద్యార్థికి సగం పాఠం.

ఊళ్లో అమ్మానాన్నల కోసం కొంటున్నారా? వాళ్లకు యాప్ లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ పెద్ద టెన్షన్. పెన్ డ్రైవ్ పట్టే స్పీకరు ఒకటి కొని, సుప్రభాతం, పద్యాలు, వాళ్ల కాలపు పాటలు వేర్వేరు పెన్ డ్రైవ్‌లలో నింపి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టండి. మా అమ్మకు ఎర్రదారం అంటే సుప్రభాతం. నాలుగేళ్లుగా నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. యాప్‌లలో పాటల జాబితా దేశాన్ని బట్టి మారుతుంది. స్టోర్ ఖాతాకు దేశం మారిస్తే, ముందు కొన్నవాటిని మళ్లీ దింపుకోవడం కుదరకపోవచ్చు. అందుకే దేశం మారే ముందే కొన్న ఫైళ్లన్నీ మీ డిస్క్‌లోకి దించుకోండి. సెలవులకు వచ్చినప్పుడు సీడీలు కొనుక్కెళ్లడం ఇప్పటికీ మంచి అలవాటే, బరువు తక్కువ, పెట్టెలో చోటూ తక్కువే.

బహుమతి ఇవ్వాలంటే వస్తువే ఇవ్వండి. లింకు పంపితే ఎవరూ అరలో పెట్టుకోరు. అవతలివాళ్లింట్లో ప్లేయరు ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

ఎల్‌పీ ఎవరికి? ఇంట్లో ఇప్పటికే పెద్దవాళ్ల ప్లేట్లు ఉన్నవాళ్లకు, వారానికి రెండు గంటలైనా కూర్చుని వినే తీరిక ఉన్నవాళ్లకు. ఈ రెండూ లేకపోతే ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొనండి. పాట ఏ రూపంలో ఉన్నా బాగుపడుతుంది.

## సీడీ కొన్నాక చేయాల్సిన పని

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గీతలున్న చోట అది మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటుంది, ఒక సీడీకి పది నిమిషాలు పట్టొచ్చు. ఫ్లాక్‌గా తీసి దాచండి, అందులోంచి ఫోన్‌కు, కారుకు 320 ఎంపీ3 ప్రతి చేసుకోండి. కారు పెన్ డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32 (FAT32) పద్ధతిలో ఫార్మాట్ చేయండి. చాలా కార్లు ఫ్లాక్‌ను గానీ తెలుగు అక్షరాలను గానీ చదవవు. ఆ ప్రతికి మాత్రం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. అసలు ఫైలులో తెలుగులోనే రాయండి: పాట, రాగం, రచయిత, పాడినవారు, పక్కవాద్యం, సంవత్సరం. ఆల్బమ్‌కు పావుగంట పని. తర్వాత పుస్తకం పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి అదే ఫోల్డర్లో వేయండి.

నాన్నగారి పెట్టెలో బూజు పట్టని పద్దెనిమిది క్యాసెట్లు ఇప్పుడు అలాగే ఎక్కిస్తున్నాను. పదకొండు అయ్యాయి. రికార్డింగ్ సెంటర్ చీటీలు కూడా ఫొటో తీశాను, వాటి మీద పాటల వరస నాన్నగారి చేతిరాతలో ఉంది.